సేంద్రియ సాగులో పీజీ చదువు రైతు చేనులో జరగాలి

ఎల్బీనగర్‌లో బస్సు దిగే మన పిల్లల్లో చాలామంది దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లకే పోతారు. గ్రూప్స్, బ్యాంకు పరీక్షల కోచింగులు అక్కడే. వాళ్లలో అగ్రికల్చర్ బీఎస్సీ పాసైనవాళ్లూ ఉన్నారు. వాళ్లను తప్పుపట్టం. సేద్యంలో కొలువులు లేకపోతే వాళ్లేం చేస్తారు?

అదే ఎల్బీనగర్ నుంచి ఆరాంఘర్ మీదుగా పోతే రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వస్తుంది. ఎల్బీనగర్ ఎవరి పేరున వెలిసిందో ఆ లాల్ బహదూర్ శాస్త్రిగారే 1965లో దాన్ని ప్రారంభించారు. అప్పుడు దేశంలో తిండిగింజల కరువు. కొత్త వంగడాలు, యూరియా, పురుగుమందుల చుట్టూ చదువు సాగింది. దానివల్ల గింజలు పండాయి, కాదనం. ఇప్పుడు నేల సత్తువ పోయింది, పెట్టుబడి పెరిగింది. అందుకే నేలను తిరిగి బతికించే సేంద్రియ సాగులో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చదువులు కావాలని మనం అడగాలి. అయితే ఆ చదువు పాత పద్ధతిలోనే సాగితే మనకు ఒరిగేదేమీ ఉండదు.

ఎమ్మెస్సీ రెండేళ్లు. థీసిస్‌కు దొరికేది ఒకటో రెండో పంటకాలాలు. నేలలో సేంద్రియ కర్బనం పెరగాలంటే అంతకంటే ఎక్కువ ఏళ్లు పడుతుంది. రసాయనాలు మానిన కొత్తలో దిగుబడి తగ్గవచ్చు. ఆ ఒక్క ఏడు కొలిచి గిట్టుబాటు కాదని రాస్తే అదే రికార్డుల్లో నిలిచిపోతుంది. పైగా చిన్న మడుల్లో పోల్చి చూడటం ఒక ఎరువుకో, ఒక వంగడానికో సరిపోతుంది. గట్ల మీద చెట్లు, చేనులో అంతరపంటలు, కొట్టంలో పశువులు, ఎండాకాలం కూడా నేలను కప్పి ఉంచే పైరు, ఇవన్నీ కలిస్తేనే ఈ సాగు. మడిలో అది ఇమడదు. అమెరికాలో రోడేల్ సంస్థ 1981లో మొదలుపెట్టిన పోలిక చేలను ఇప్పటికీ నడుపుతోంది. అలాంటి చేలు ఉంటే ఒక విద్యార్థి పోయినా ఇంకొకరు వచ్చి అదే నేలను కొలుస్తారు.

పాఠం చెప్పేవాళ్లు లేరనే సాకు చెల్లదు. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి నడుస్తున్న ప్రకృతి వ్యవసాయంలో అనుభవమున్న రైతులే తోటి రైతులకు నేర్పుతున్నారు. ఆ పనికి 2024లో గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. మన జనగామ జిల్లా ఏనెబావిలో ఊరు ఊరంతా రసాయనాలు మానింది. ఆ రైతులు ఎమ్మెస్సీ క్లాసులో నిలబడి చెప్పాలి. డిగ్రీ లేదని ఆపొద్దు.

పరిశోధన చేలు మన ఊళ్లలో పెట్టాలి, కనీసం పదేళ్ల ఒప్పందంతో. దిగుబడి తగ్గిన ఏడు నష్టం విశ్వవిద్యాలయమే భరించాలి, రైతు మీద వేయొద్దు. చదివినవాళ్లకు మండలాల్లో కొలువులు చూపాలి. థీసిస్ ఇంగ్లిషులో రాసుకుంటే రాసుకోనీ, డిగ్రీ ఇచ్చే ముందు మాత్రం ఆ చేనున్న ఊళ్లో, రైతుల ముందు, తెలుగులో చెప్పించాలి.