సముద్రాల పాఠం దక్షిణ ధ్రువం నుంచి మొదలుపెట్టాలి



సముద్ర ప్రవాహాల పాఠాన్ని మన బడుల్లో ఇప్పటికీ ముక్కలు చేసి చెబుతున్నాం. అట్లాంటిక్‌వి ఒక పట్టిక, పసిఫిక్‌వి మరొకటి, హిందూ మహాసముద్రానివి ఇంకొకటి. వేడివేవో చల్లనివేవో బట్టీ పట్టించి, పటంలో గుర్తింపజేస్తే పాఠం అయిపోయినట్టే. భూగోళం చెప్పే ఉపాధ్యాయుడిగా ఈ పద్ధతి మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఈ మూడు మహాసముద్రాలనూ కలిపే ప్రవాహానికి అందులో దక్కేది పటం అడుగున నాలుగు బాణం గుర్తులు మాత్రమే.

అంటార్కిటికా చుట్టూ పడమర నుంచి తూర్పుకు తిరిగే ప్రవాహం గురించి రాస్తున్నాను. మిగతా చోట్ల ఏదో ఒక ఖండం అడ్డుపడి నీటిని దారి మళ్లిస్తుంది. దక్షిణ అమెరికా కొనకు దిగువన, సుమారు 800 కిలోమీటర్ల వెడల్పున్న డ్రేక్ జలసంధి దగ్గర ఆ అడ్డు లేదు. ఆ అక్షాంశాల్లో భూమినంతా చుట్టి వచ్చినా ఖండమేదీ ఎదురుకాదు. పడమటి గాలులు ఏడాది పొడవునా తోస్తుంటే నీరు చాలా లోతు వరకూ కదులుతుంది. డ్రేక్ జలసంధి గుండా సెకనుకు 13 కోట్ల ఘనపు మీటర్లకు పైగా పారుతుందని కొలతలు చెబుతున్నాయి. మన లెక్కలో సెకనుకు నాలుగున్నర టీఎంసీలు! 312 టీఎంసీల నాగార్జునసాగర్ నిండటానికి నిమిషం పైన కొద్ది సెకన్లు చాలు. ప్రపంచ నదులన్నీ కలిపినా ఇందులో నూరో వంతుకు అటూఇటూగా ఉంటాయి.

ఇది మనకెందుకంటే, హిందూ మహాసముద్రానికి ఉత్తరాన దారి లేదు. అక్కడ ఆసియా ఉంది. ఉత్తర అట్లాంటిక్‌లో గ్రీన్‌లాండ్ దగ్గర నీరు బాగా చల్లబడి, బరువెక్కి లోతుకు దిగుతుంది. మన వైపు అది జరగదు. అందుకే మన సముద్రపు అట్టడుగు చల్లటి నీరు దక్షిణం నుంచే రావాలి. అంటార్కిటికా అంచున వెడెల్, రాస్ సముద్రాల్లో మంచు గడ్డకట్టేటప్పుడు ఉప్పు బయట మిగిలిపోతుంది. అలా ఉప్పెక్కిన నీరు అడుగుకు దిగుతుంది. అట్లాంటిక్ నుంచి వచ్చిన లోతు నీటితో కలుస్తూ, ఈ ప్రవాహం వెంట తూర్పుకు సాగుతూ, కొంత ఉత్తరానికి మళ్లుతుంది. బంగాళాఖాతం అడుగున ఉన్నదీ ఆ దక్షిణపు నీరే. విశాఖ తీరాన పెరిగే పిల్లలకు ఈ మాట ఎవరూ చెప్పరు.

వాతావరణ మార్పు పాఠం కూడా ఇది లేకుండా సగమే. సముద్రాలు పీల్చుకున్న మానవజనిత కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 40 శాతం, ఈ ప్రవాహం తిరిగే దక్షిణ మహాసముద్రం ద్వారానే లోపలికి వెళ్లిందని అంచనా.

పిల్లలకు ఇదంతా బరువవుతుందని కొందరంటారు. కురోషియో, ఒయాషియో, బెంగ్వేలా, అగుల్హస్ అని పేర్లు వల్లె వేయించినప్పుడు లేని బరువు, కారణం చెబితే వస్తుందా? అసలు చిక్కు గోడ పటంతో వచ్చింది. అందులో అంటార్కిటికా అడుగున సాగదీసిన తెల్ల పట్టీగా కనిపిస్తుంది, చుట్టూ తిరిగే ప్రవాహం ఎడమ అంచున తెగి కుడి అంచున ఆగిపోతుంది. అది ఒకే వలయమని పిల్లవాడికి ఎలా తోస్తుంది?

పాఠ్యపుస్తకాలు రూపొందించే పెద్దలకు నా విన్నపం ఒక్కటే. రాబోయే ముద్రణలో దక్షిణ ధ్రువం నడుమ ఉండేలా ఒక పుట పటం వేయండి, ప్రవాహాల పాఠాన్ని దానితోనే మొదలుపెట్టండి. ఆ పుస్తకం వచ్చేదాకా తోటి ఉపాధ్యాయులు తరగతిలోని గ్లోబును తలకిందులు చేసి చూపించవచ్చు.

— ఒక భూగోళ ఉపాధ్యాయుడు, కాకినాడ