కాపీ వెళ్తోంది సరే, చూసిందెవరు?

విజయవాడ, ఖమ్మం ఫొటో స్టూడియోలు, డీటీపీ సెంటర్లు, అకౌంటెంట్ల ఆఫీసులు నడిపేవారికి విజ్ఞప్తి



2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ సింగ్‌నగర్ మీద పడింది. అదే రోజు ఖమ్మంలో మున్నేరు ఒడ్డు కాలనీలను ముంచింది. మన షాపుల్లో సీపీయూ ఎక్కడుంటుందో మనకు తెలుసు. టేబుల్ కింద, నేల మీద, కాలికి తగిలే చోట. బ్యాకప్ తీసిన హార్డ్ డిస్కు అదే టేబుల్ సొరుగులో పడుంటుంది. నడుం లోతు నీళ్లొస్తే అసలూ పోతుంది, నకలూ పోతుంది.

అందుకే ఇప్పుడు చాలా షాపుల్లో క్లౌడ్ వచ్చింది. కంప్యూటర్ సర్వీస్ కుర్రాడు వస్తాడు, గూగుల్ డ్రైవ్‌కో వన్‌డ్రైవ్‌కో ఒక ఫోల్డరు కలుపుతాడు, టీ తాగి డబ్బులు తీసుకుని వెళ్తాడు. కింద మూలన చిన్న మేఘం బొమ్మ కనిపిస్తుంది. ఇక ఆ సంగతి మర్చిపోతాం. ఆ మర్చిపోవడం మీదే ఈ కరపత్రం. క్లౌడ్ పెట్టుకోమని చెప్పేవాళ్లు ఊరంతా ఉన్నారు కాబట్టి ఆ మాట మళ్లీ చెప్పం. అడిగేది రెండే. కాపీ నిజంగా పైకి వెళ్తోందో లేదో రోజూ చూసే మనిషి ప్రతి షాపులోనూ పేరుతో సహా ఉండాలి. పోయిన ఫైలును తిరిగి తెచ్చి మన కళ్లముందు తెరిచి చూపించే దాకా పెట్టినవాడికి పూర్తి డబ్బులు ఇవ్వకూడదు.

చడీచప్పుడు లేకుండా ఆగిపోతుంది

ప్రింటర్ ఆగితే తెలుస్తుంది, కస్టమర్ ఎదురుగా నిలబడి ఉంటాడు. నెట్ ఆగినా తెలుస్తుంది. కాపీ ఆగితే మాత్రం అవసరం పడిన రోజు దాకా ఎవరికీ తెలియదు.

ఇది చిన్న షాపుల తెలివితక్కువతనం అనుకుంటే పొరపాటు. ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే కంపెనీ ఉంది. 2017 జనవరి 31 రాత్రి అక్కడి ఇంజనీరు ఒకరు వేరే సర్వర్ అనుకుని అసలు సర్వర్‌లోని డేటాబేస్ ఫోల్డరును చెరపడం మొదలుపెట్టాడు. క్షణాల్లో గ్రహించి ఆపాడు. అప్పటికే 300 జీబీలో నాలుగున్నర జీబీ మిగిలింది. సరే, కాపీలున్నాయి కదా అని వెతికారు. అమెజాన్ క్లౌడ్‌లోకి రోజూ వెళ్లాల్సిన కాపీల చోటు ఖాళీగా ఉంది. డేటాబేస్ ఒక వెర్షన్, దాన్ని కాపీ తీసే ప్రోగ్రామ్ అంతకన్నా పాత వెర్షన్. రెండింటికీ పొసగక పని రోజూ విఫలమవుతోంది. విఫలమైనప్పుడల్లా హెచ్చరిక మెయిల్ కూడా బయల్దేరుతోంది. ఆ మెయిల్ అసలైనదేనని తేల్చే గుర్తింపు లేకపోవడంతో అవతలి సర్వర్ దాన్ని తిప్పికొడుతోంది. అంటే కాపీ చెడింది, కాపీ చెడిందని చెప్పే గంట కూడా చెడింది. అదృష్టం బాగుండి ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన నకలు ఒకటి దొరికింది. ఆ ఆరు గంటల్లో జనం చేసుకున్న పని మాత్రం పోయింది. జరిగిందంతా వాళ్లే దాచకుండా రాసి బయటపెట్టారు. మన దగ్గర ఇలాంటివి జరిగితే పక్క షాపువాడికి కూడా చెప్పం.

ఇదే కథ మన షాపుల్లో ఇంకా సులువుగా జరుగుతుంది. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడూ సర్దుకోవాలి. అది నిండితే ఫైళ్లు ఎక్కడం ఆగుతుంది. ఆ ఖాతాకు మెయిళ్లు రావడమూ ఆగిపోవచ్చు. కాబట్టి కాపీ ఫెయిలైతే మెయిల్ పంపమని అదే ఖాతా ఇచ్చి ఉంటే ఆ మెయిల్ కూడా మీకు చేరకపోవచ్చు.

ఆగిపోవడానికి ఇంకా సవాలక్ష కారణాలు. పాస్‌వర్డ్ మారిస్తే పాత లాగిన్ చెల్లకపోవచ్చు. బిల్లు కట్టే కార్డు గడువు తీరిపోతుంది. పనిచేసే అబ్బాయి తన సొంత జీమెయిల్‌తో పెట్టి, ఆర్నెల్లకు మానేసి హైదరాబాద్ వెళ్లిపోతాడు. ఖాతా అతనిది, ఓటీపీ వచ్చే ఫోనూ అతనిదే. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను గూగుల్ తొలగించవచ్చన్న నియమం కూడా ఉంది. అకౌంటెంట్ల ఆఫీసుల్లో ఇంకొకటి: ట్యాలీ తెరిచి ఉండగా ఆ డేటా ఫోల్డరును కాపీ చేస్తే సగం రాసిన ఫైళ్లు పైకి వెళ్లే ప్రమాదం ఉంది. ఫైళ్ల సంఖ్య సరిపోతుంది, సైజూ సరిపోతుంది, తీరా తెరిస్తే తెరుచుకోదు. ముందు ట్యాలీలోనే బ్యాకప్ తీసి, ఆ బ్యాకప్ ఫైలును పైకి పంపాలి.

అద్దంలో మచ్చ

కుర్రాడు కలిపి వెళ్లిన ఆ ఫోల్డరు చేసే పనిని సింక్ అంటారు. సింక్ అనేది అద్దం. ఇక్కడ ఏముంటే అక్కడా అదే కనిపిస్తుంది. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. గూగుల్ డ్రైవ్‌లో చెరిపిన ఫైలు బిన్‌లో 30 రోజులుంటుంది, తర్వాత ఉండదు. జనవరిలో తీసిన పెళ్లి ఫోల్డరు పొరపాటున చెరిగిపోయిందని ఏప్రిల్‌లో ఆల్బమ్ అడిగినప్పుడు తెలిస్తే చేయగలిగేదేమీ లేదు. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వాన్నాక్రై అనే వైరస్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అలాంటిది మీ కంప్యూటర్‌లోకి దూరి ఫైళ్లకు తాళం వేస్తే, తాళం పడిన ఫైళ్లనే సింక్ ఎంతో విధేయంగా పైకి పంపుతుంది.

కాబట్టి పెట్టే కుర్రాడిని అడగాల్సిన మొదటి ప్రశ్న: ఇక్కడ చెరిపితే అక్కడ ఏమవుతుంది? ఆర్‌క్లోన్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది, రకరకాల క్లౌడ్‌లకు పనిచేస్తుంది. అందులో 'కాపీ' అనే ఆదేశం అవతల ఉన్నవాటిని చెరపదు. 'సింక్' అనే ఆదేశం అవతలి వైపును ఇవతలి వైపులా మార్చేస్తుంది, అక్కడ అదనంగా ఉన్నవి తీసేస్తుంది. విండోస్‌తో వచ్చే రోబోకాపీలో 'మిర్' అని పెట్టినా అంతే. ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు తీసి అదే డ్రైవ్ అక్షరంతో ఇంకో డిస్కు తగిలించారనుకోండి. అందులో అదే పేరుతో ఖాళీ ఫోల్డరు ఉంటే, సింక్ దాన్నే అసలు అనుకుని పైనున్న సంవత్సరాల పనిని ఊడ్చేయగలదు. సింకే వాడాలంటే ఒక్కసారికి ఇన్ని ఫైళ్లకు మించి చెరపకూడదన్న పరిమితి పెట్టించండి. క్లౌడ్‌లో పాత వెర్షన్లు ఉంచే సదుపాయం ఆన్ చేయించండి. మామూలు షాపుకు 'కాపీ' చాలు, ఇదే మా సలహా.

"మా డేటా ఎక్కువండీ"

స్టూడియోవాళ్లు ఈ మాట అంటారు. నిజమే. ఒక పెళ్లికి ఫొటోలు, వీడియోలు కలిపి 200 జీబీ అనుకుందాం. మన కనెక్షన్‌లో అప్‌లోడ్ వేగం 10 ఎంబీపీఎస్ అయితే సెకనుకు ఒకటింబావు ఎంబీ వెళ్తుంది, గంటకు నాలుగున్నర జీబీ. 200 జీబీ ఎక్కడానికి కంప్యూటర్ ఆపకుండా 44 గంటలకు పైగా కావాలి. షాపు తెరిచి ఉండే పది గంటలే పంపితే నాలుగున్నర రోజులు. లగ్గసరిలో ఆ నాలుగున్నర రోజుల్లో ఇంకో రెండు పెళ్లిళ్లు వచ్చి క్యూలో నిలబడతాయి. మేఘం బొమ్మ తిరుగుతూనే ఉంటుంది, పని జరుగుతున్నట్టే కనిపిస్తుంది, ఈలోగా కెమెరా కార్డు ఫార్మాట్ అయిపోతుంది. అసలు నష్టం అక్కడే.

డేటా ఎక్కువైతే ఏది ముందు వెళ్లాలో తేల్చుకోవాలి. ఎంపిక చేసిన ఫొటోలు, ఆల్బమ్ డిజైన్ ఫైళ్లు ఆ రాత్రే పైకి. రా ఫైళ్లు, వీడియోలు రెండు డిస్కుల మీద, ఒక డిస్కు ఇంట్లో, అదీ పై అంతస్తులో. మూడు కాపీలు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట అనే సూత్రానికి పేరు తెచ్చింది పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫరే. మన వృత్తివాడు చెప్పిన మాట మనమే పాటించడం లేదు. డేటా ఎక్కువ కాబట్టి అసలు కాపీయే తీయకపోవడం ఎలా ఉంటుందో దక్షిణ కొరియా చూపించింది. 2025 సెప్టెంబరు 26న డేజియాన్‌లోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీల నుంచి మంటలు లేచాయి. ప్రభుత్వ ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్లు పోయాయి. మరీ పెద్దది కాబట్టి బయట కాపీ పెట్టలేదని చెప్పారు.

షట్టరు దించే ముందు

చూడడం అంటే మేఘం బొమ్మ వైపు కన్నేయడం కాదు. కాపీ ప్రోగ్రామ్ పెట్టేటప్పుడే ఒక చిన్న టెక్స్ట్ ఫైలు ఏర్పాటు చేయించండి. రోజూ అందులో ఆ రోజు తేదీ, సమయం, ఇక్కడున్న మొత్తం ఫైళ్ల సంఖ్య, అక్కడున్న ఫైళ్ల సంఖ్య దానంతటదే రాసుకోవాలి. మిగతా ఫైళ్లన్నీ వెళ్లాకే అది పైకి వెళ్లాలి. ముందే వెళ్తే ఉపయోగం లేదు, వెనక క్యూ మిగిలే ఉంటుంది. రాత్రి షట్టరు దించే ముందు బాధ్యుడు తన ఫోన్‌లో, మొబైల్ డేటా మీద, క్లౌడ్ తెరిచి ఆ ఫైలు చూడాలి. షాపు కంప్యూటర్‌లోనే చూస్తే ఇక్కడి ఫైలే కనిపించి మోసం చేస్తుంది. ఫైలులో ఈరోజు తేదీ ఉంటే నోట్‌బుక్‌లో ఆ రెండు సంఖ్యలూ రాసి సంతకం పెట్టాలి. నిన్నటి తేదీ ఉంటే ఎర్ర సిరాతో రాయాలి. రెండు రోజులు వరసగా ఎర్ర సిరా పడితే మూడో రోజు పొద్దున్నే కుర్రాడికి ఫోన్.

సంఖ్యలు వరసగా చూస్తుంటే ఇంకొకటి పట్టుబడుతుంది. వారం రోజులుగా సంఖ్య కదలకపోతే పని లేదనైనా అనుకోవాలి, ఫోల్డరు మారిందనైనా అనుకోవాలి. డీటీపీ సెంటర్లలో ఇది తరచూ జరుగుతుంది. కొత్త ఆపరేటర్ వచ్చి ఫైళ్లన్నీ డెస్క్‌టాప్ మీద దాచడం మొదలుపెడతాడు. కాపీ ప్రోగ్రామ్ మాత్రం నిష్ఠగా డీ డ్రైవ్‌లోని పాత ఫోల్డరునే కాపలా కాస్తుంటుంది. డీటీపీవాళ్లకే ఇంకో మాట: పేజ్‌మేకర్ ఫైళ్లు ఒక్కటే పంపితే చాలదు. ఆ పనిలో వాడిన అను ఫాంట్ల వెర్షన్ కూడా పక్కనే దాచుకోండి, లేకపోతే తెచ్చుకున్న పుస్తకం పిచ్చి గీతల్లా తెరుచుకుంటుంది.

మనిషి మర్చిపోతాడు, కాబట్టి యంత్రాన్ని కూడా కాపలా పెట్టొచ్చు. ఫెయిలైతే మెయిల్ పంపే ఏర్పాటు మీద ఆధారపడకండి, గిట్‌ల్యాబ్ గతి చూశారు. దానికి తిరగేసిన ఏర్పాటు కావాలి. పని పూర్తయిన ప్రతిసారీ కాపీ ప్రోగ్రామ్ బయటి సర్వీసుకు ఒక కబురు పంపుతుంది. అనుకున్న సమయానికి కబురు రాకపోతే ఆ సర్వీసే మీ ఫోన్‌కు చెప్తుంది. కరెంటు పోయినా, కంప్యూటర్ కాలిపోయినా ఇది మోగుతుంది. హెల్త్‌చెక్స్ లాంటివి చిన్నవాళ్లకు ఉచితంగానే ఇస్తున్నారు.

అకౌంటెంట్లకు రోజూ కాపీ తీయడం ఇష్టాయిష్టాల సంగతి కూడా కాదు. కంపెనీల పద్దులు ఎలక్ట్రానిక్ రూపంలో ఉంటే, వాటి బ్యాకప్ భారతదేశంలోనే ఉన్న సర్వర్‌లో రోజూ ఉండాలని 2022 ఆగస్టులో కంపెనీల అకౌంట్ల నిబంధనలు సవరించారు. అంతకుముందు 'నిర్ణీత వ్యవధుల్లో' అని ఉండేది. అమెజాన్ క్లౌడ్‌కు ముంబయిలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నుంచి కేంద్రాలున్నాయి. ఏ ఊరి సర్వరో, అందులో కాపీలకు చోటు ఏర్పాటు చేసేటప్పుడే ఎంచుకోవాలి.

పైకి పంపకూడనివి కూడా ఉన్నాయి. జిరాక్సు, డీటీపీ షాపుల కంప్యూటర్లలో జనం ఆధార్ కార్డులు, మార్కుల లిస్టులు గుట్టలుగా పడి ఉంటాయి. వాటికి కాపీ దేనికి? పని అయిపోగానే చెరిపేయండి, అవి మనవి కావు. పార్టీల పద్దులు పైకి పంపేవాళ్లు ముందు తాళం వేసి పంపండి, ఆర్‌క్లోన్‌లో ఆ వీలుంది. ఆ తాళం పాస్‌వర్డ్ కాగితం మీద రాసి బ్యాంకు లాకర్లో పెట్టండి. అది పోతే మీ ఫైళ్లు మీకే తెరుచుకోవు.

సంఘాల పెద్దలకు

ఫొటోగ్రాఫర్ల సంఘాలు, డీటీపీ యజమానుల సంఘాలు వచ్చే సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం చేయాలి. క్లౌడ్ కాపీ పెట్టే పనికి సగం డబ్బులు ముందు, సగం తర్వాత. ఆ తర్వాత ఎప్పుడంటే, యజమాని తనకు నచ్చిన ఏదో ఒక పాత ఫోల్డరు పేరు చెప్పాలి, కుర్రాడు దాన్ని వేరే కంప్యూటర్‌లోకి దించి తెరిచి చూపించాలి. ఖాతా ఎవరి పేరున ఉంది, పాస్‌వర్డ్ ఎక్కడుంది, ఏ ఫోల్డర్లు వెళ్తున్నాయి, ఏవి వెళ్లడం లేదు అనే వివరాలు ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. నిజాయితీగా పనిచేసే కుర్రాళ్లకు దీనివల్ల నష్టం లేదు, ఒక గంట ఎక్కువ పని, ఆ గంటకు డబ్బులడిగినా ఇద్దాం.

మూడు నెలలకోసారి సంఘం ఆఫీసులో ఒక పూట కూర్చుందాం. సభ్యులు ఫోన్ తప్ప ఏమీ తేనక్కర్లేదు. చీటీ తీసి ఎవరి పేరొస్తే వాళ్లు ఏడాది కిందటి పని ఒకటి అక్కడికక్కడే దించి తెరవాలి. తెరుచుకోకపోతే నవ్వకూడదు. ఎందుకు తెరుచుకోలేదో వెతికి, కారణం రాసి అందరికీ పంచాలి. లగ్గసరి మొదలయ్యే ముందే మొదటి పూట జరిగితే మేలు. పనిలో పడ్డాక ఎవరూ రారు.

నోట్‌బుక్ కొనే దాకా ఆగొద్దు. ఈ కరపత్రం వెనక వైపు తేదీ, ఇక్కడి ఫైళ్లు, అక్కడి ఫైళ్లు, సంతకం అని నాలుగు గళ్లు గీసి వదిలాం. మొదటి వరస ఈ రాత్రికే నింపండి.