గుడారం కాడ అవ్వకు కూలి ఏది?

కర్నూలు జిల్లా మంత్రాలయం, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు మండలాల్లో వాన మొహం చాటేసిందంటే ఇళ్లకు తాళాలు పడతాయి. జనం సుగ్గికి, అంటే కోతల వలసకు, గుంటూరు వైపు మిరప చేలకు లారీలెక్కుతారు. కోతకు ఎందరొచ్చారో మేస్త్రీకి తెలుసు. బడికి ఎందరు రాలేదో అయ్యవారికి తెలుసు. చేల పక్కన వేసుకున్న గుడారం కాడ ఉండే ముసలవ్వ మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు.

కూలి కోసినవాళ్లకే. అవ్వకు నడుం వంగదు, కాబట్టి ఆమెది పని కాదట! పొద్దంతా చంటిపిల్లల్ని సాకుతుంది. ఆడపిల్లలు స్నానానికి పోతే అడ్డం కట్టిన చీర పక్కనే నిలబడుతుంది. రాత్రి వయసు పిల్లల్ని నడుమ పడుకోబెట్టి, తలాపున కొడవలి పెట్టుకుని పట్ట తెర పక్కన తాను ఒరుగుతుంది. నడిరాత్రి ఏ పిల్ల చెంబు పట్టుకున్నా వెంట లేస్తుంది. తాగి గట్టెంబడి తిరిగేవాడు ఆ ఊరివాడైనా, మన ముఠావాడైనా (వీళ్లూ తక్కువ తినలేదు) మొదట జడిసేది ఆమె నోటికే. తలుపూ గడియా లేని చోట కాపలా అంటే ఇదే.

సర్కారు కాపలా సంగతి చూడండి. 2025 దాకా అమల్లో ఉన్న 1979 నాటి వలస కూలీల చట్టం రాష్ట్రం దాటినవాళ్లకే వర్తించేది. కర్నూలు నుంచి గుంటూరుకు పోతే మనం దాని కంటికి వలసోళ్లమే కాకపోయాం. పనిచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం పొలం కూలీలకూ వర్తిస్తుంది, జిల్లాకో స్థానిక కమిటీ ఉండాలంటుంది. ఫిర్యాదు మాత్రం 3 నెలల్లోగా రాసివ్వాలి. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, ఊరుగాని ఊళ్లో రోజుకూలి వదులుకుని ఆ కమిటీని వెతుక్కుంటూ పోయేదెవరు? ఆ గడువు సుగ్గిలోనే కరిగిపోతుంది.

2009 అక్టోబరులో తుంగభద్ర మంత్రాలయాన్ని ముంచితే దేశమంతా మనవైపు చూసింది. ఏటా ఊళ్లకు ఊళ్లు ఖాళీ అవుతుంటే చూసే దిక్కు లేదు.

రైతన్నలారా, మేస్త్రీలారా, కోత బేరం మాట్లాడేటప్పుడే కాపలా అవ్వకు ఒక నిండు కూలి రాయండి. గుడారాల నడుమ ఒక లైటు, స్నానానికి నాలుగు వైపులా తడికలు వేయించండి. పోలీసయ్యలూ, రాత్రి గస్తీ ఊరి పొలిమేర దగ్గరే ఆపకుండా చేలదాకా రండి. అధికారులారా, పిల్లల సీజనల్ హాస్టళ్లు లారీలు కదలకముందే తెరవండి.