సాంచా నడిపేటోడికి విమానమెందుకు అంటారా?

మన భివండీలో ఎవరైనా రిమోట్ విమానం ఎగరేస్తే ముందు అడిగేది "ఏం పని చేస్తవ్?" అనే. ఇంజినీరంటే శభాష్. సాంచా కార్మికుడంటే "నీకెందుకురా ఇవన్నీ?" ఈ తీరు నాకు నచ్చదు.

రైట్ సోదరులది డేటన్‌లో సైకిళ్ల దుకాణం. 1903లో ఎగిరిన వాళ్ల విమానంలో ప్రొపెల్లర్లను తిప్పింది గొలుసులే, సైకిల్‌కున్నట్టు. రెక్కలకు తొడిగింది నూలు గుడ్డ. మన సరుకే అనుకోండి! చప్పుడు విని సాంచాలో లోపం పట్టే జాబర్‌కు చిన్న మోటారు ఒక లెక్కా?

12 గంటల డ్యూటీ దిగినోడికి కావలసింది కాస్త జాగా, ఒక బల్ల. సెలవు రోజుల్లో మన సంఘం హాలు ఖాళీగానే ఉంటోంది. థర్మాకోల్ విమానాలు చేసుకోవడానికి దాన్ని ఇవ్వాలని వచ్చే మీటింగులో అడుగుతా. ఎగరేయడం మాత్రం మైదానంలోనే, కరెంటు తీగలకు దూరంగా.