నంబరు ప్లేటు లేని బండి

మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకు హైదరాబాద్ మాదాపూర్‌లో ఒక ఐటీ ప్రాంగణం గేటు దగ్గర నన్ను ఆపేశారు. నా బండికి నంబరు ప్లేటు లేదు, అదీ సంగతి.

"కార్లు కిందికి, బైకులు పక్కకు. దీన్ని ఏ లెక్కల రాయాలె సార్? నంబర్ కొట్టకుంటే కంప్యూటర్ తీస్కుంటలేదు" అన్నాడు సెక్యూరిటీ అబ్బాయి. సైకిలని రాయమన్నాను. "సైకిళ్లకు జాగ లేదు సార్" అన్నాడు. అతన్ని అనడానికి ఏముంది? అక్కడ మూడంతస్తుల సెల్లారు ఉంది, కార్లకు తెల్లగీతలు గీసిన గళ్లున్నాయి. సైకిలును తాళం వేసి కట్టుకోవడానికి ఒక ఇనుప కడ్డీ లేదు. చివరికి బయట టీ కొట్టు పక్కన నిలబెట్టి, కొట్టాయన నేను చూస్తాలెండి అంటే, ఆ మాట మీద లోపలికి వెళ్లాను. రోజంతా మనసు గేటు బయటే ఉంది.

ఆ బండి కొని నెలయింది. ఈ మధ్యే మార్కెట్లోకి వచ్చిన రకం. మోటారు సైకిల్ అంటే మనకు వేరే అర్థం ఉంది కాబట్టి, మోటారున్న సైకిలు అందాం. చూడటానికి 1970ల నాటి మోపెడ్‌లా ఉంటుంది. గుండ్రటి హెడ్‌లైటు, పొడుగాటి సీటు, లావు టైర్లు. పెట్రోలు ట్యాంకు ఉండాల్సిన చోట అదే ఆకారంలో బ్యాటరీ పెట్టె. పెడళ్లున్నాయి, చైనుంది. వెనక చక్రం నడిమధ్య గిన్నె అంత మోటారు, 250 వాట్లు. వంటింట్లో 750 వాట్ల మిక్సీలో మూడో వంతు.

పెడలు సగం చుట్టు తిరిగేసరికి మోటారు అందుకుంటుంది. చిన్నప్పుడు సైకిలు నేర్పుతూ నాన్న వెనక సీటు పట్టుకుని నెట్టేవారే, అచ్చం ఆ నెట్టుడే. బ్రేకు లివరు మీద వేళ్లు బిగిస్తే ఆగిపోతుంది. గంటకు 25 కిలోమీటర్ల వేగం వచ్చేసరికి సాయం మానేస్తుంది, ఆపైన ఎంత తొక్కితే అంత. బ్యాటరీ 48 వోల్టులు, 15 ఆంపియర్ అవర్లు. లెక్క వేస్తే ముప్పావు యూనిట్ కరెంటు. ఛార్జింగులో పోయేది కలుపుకున్నా ఒక్క యూనిట్. పది రూపాయల లోపు ఖర్చుతో నాకు నాలుగు రోజులు గడుస్తాయి.

మా ఇల్లు కొండాపూర్‌లో. కొత్తగూడ చౌరస్తా, హైటెక్స్ కమాన్, శిల్పారామం, సైబర్ టవర్స్, ఇదీ నా దారి. కారులో వెళ్లిన రోజుల్లో నలభై నిమిషాలు పట్టేది, ఇప్పుడు ఇరవై. ఈ ప్రాంతమంతా రాతిగుట్టలు పగలగొట్టి కట్టిన ఊరు. ఎక్కుళ్లు, దిగుళ్లు. మామూలు సైకిలు మీద వస్తే ఆఫీసు చేరేసరికి చొక్కా తడిసిపోతుంది. ఆ ఎక్కుడు దగ్గర కాస్త చెయ్యి అందించే 250 వాట్లే ఈ ఊరికి సరిపోయిన మోటారు. కొత్తగూడ సిగ్నల్ దగ్గర ఉదయం తొమ్మిదింటికి వంద గుర్రాల బలమున్న కారూ కదలదు.

కొన్న మూడో వారంలో వెనక టైరు పంచరైంది. మోటారున్న చక్రాన్ని విప్పాలంటే వైరు కనెక్టర్ ఊడదీయాలి, మళ్లీ సరిగ్గా బిగించాలి. రోడ్డు పక్క పంచర్ షాపులో నడివయసు మెకానిక్ కాసేపు చక్రం చుట్టూ తిరిగి చూశాడు. "ఇది ఊడదీస్తే వైరుకు దెబ్బ సార్. ఊడదియ్యకుండనే ఏస్త" అన్నాడు. బండిని పక్కకు పడుకోబెట్టి, టైరును ఒక వైపే లేపి, ట్యూబును పేగులా బయటికి లాగి, గాలి కొట్టి నీళ్ల తొట్టిలో కొద్దికొద్దిగా ముంచుతూ బుడగ వచ్చిన చోటు పట్టుకున్నాడు. రుద్ది, సొల్యూషన్ రాసి, ప్యాచ్ వేసి, మళ్లీ లోపలికి తోసేశాడు. పావుగంట పని. ఇలాంటి బండి ముందెప్పుడూ చూడలేదన్నాడు. సైకిలు తెలుసు కాబట్టి ఇదీ తెలిసింది. పాత రూపంలో ఉన్న గొప్పతనం ఇదే. మన వీధికి, మన పంచర్ షాపుకు అర్థమయ్యే బండి ఇది.

పాత రూపమంటే ఫ్యాషనని కొట్టిపారేసేవాళ్లకు ఒక మాట గుర్తుచేయాలి. పెడళ్లున్న మోటారు బండి తెలుగు నేలకు కొత్త కాదు. తిరుపతిలో మోపెడ్స్ ఇండియా లిమిటెడ్ అనే కంపెనీ ఉండేది. ఫ్రాన్స్‌కు చెందిన మోటోబెకాన్ సహకారంతో అక్కడ సువేగా మోపెడ్లు తయారయ్యేవి. 1972లో లూనా, 1980లో టీవీఎస్ 50 రాకముందే బడిపంతులు, బ్యాంకు గుమస్తా, ఎల్ఐసీ ఏజెంటు సువేగా ఎక్కారు. తొక్కి స్టార్ట్ చేయడం, ఎత్తు వస్తే పెడలుతో సాయపడటం, పెట్రోలు అయిపోతే తొక్కుకుంటూ ఇల్లు చేరడం. ఇంజినుకు, మనిషి కాలికి మధ్య ఒక ఒప్పందం ఉండేది. తిరుపతిలో పుట్టిన ఆ బండి పేరు ఇప్పుడు మన పిల్లల్లో ఎందరికి తెలుసు? మన ఊరి ఫ్యాక్టరీలను మరిచిపోయినంత తొందరగా మనం మరి దేన్నీ మరిచిపోం.

హైదరాబాద్ కూడా ఈ దారిలో ఒక అడుగు వేసింది. 2020 సెప్టెంబరులో ఇక్కడి ఆటూమొబైల్ సంస్థ ఆటమ్ 1.0 పేరుతో పాతకాలపు కెఫే రేసర్ పోలికలున్న ఎలక్ట్రిక్ బండిని విడుదల చేసింది. అప్పటి ధర 50 వేలు. ఆరు కిలోల బ్యాటరీని చేత్తో తీసుకెళ్లి ఇంట్లో మామూలు ప్లగ్గుకు పెట్టుకోవచ్చు. వేగం గంటకు 25 కిలోమీటర్లే, కాబట్టి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన ఊరి నుంచి, మన ఊరి దూరాలకు సరిపడే బండి వచ్చింది. ఊరు మాత్రం దానికి దారి ఇవ్వలేదు.

చట్టానికి ఈ విషయంలో అస్పష్టత లేదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు శక్తి 250 వాట్లకు లోపు, వేగం 25 కిలోమీటర్లకు లోపు, బ్యాటరీ కాక బరువు 60 కిలోలకు మించకుండా ఉండి, పరీక్షా సంస్థ ఆమోదం పొందితే అది మోటారు వాహనమే కాదు. ఈ నియమంలో తెలివి ఉంది. తక్కువ వేగానికి ఒప్పుకున్న మనిషికి ప్రభుత్వం కాగితాల భారం తగ్గించింది. నేను బండి కొన్నప్పుడు దుకాణంలో కుర్రాడు గొంతు తగ్గించి "స్పీడ్ లాక్ తీసేయమంటారా సార్? 45 పోతుంది" అన్నాడు. వద్దన్నాను. మీరూ వద్దనండి. లాక్ తీసిన క్షణం అది రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ లేని మోటారు వాహనమవుతుంది. దాని బ్రేకులు, ఫ్రేము ఆ వేగానికి చేసినవి కావు. అలాంటి ఒక్క బండి ఒకరిని గుద్దితే నియమం పాటించే వందమందికి చెడ్డపేరు. చట్టం అడిగినా అడక్కపోయినా హెల్మెట్ పెట్టుకోండి.

చట్టం సైకిలంటుంది, గేటు జాగా లేదంటుంది, రోడ్డు ఏమీ అనదు. నా కోపం రోడ్డు మీదే ఎక్కువ. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అప్పటి నుంచి ఇక్కడ ఏం కట్టినా కారు వేగం కోసమే కట్టాం. 2018లో మైండ్‌స్పేస్ అండర్‌పాస్, 2019లో బయోడైవర్సిటీ ఫ్లైఓవర్, 2020లో దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి, 2022లో శిల్పా లేఅవుట్ ఫ్లైఓవర్, 2023 మొదటి రోజున కొత్తగూడ ఫ్లైఓవర్. ఇన్ని కట్టాక వాటి కింద సైకిలు మనిషికి మిగిలిందేమిటో వెళ్లి చూడండి. బస్సుకు, డివైడర్‌కు మధ్య జానెడు సందు.

సైకిలు దారి అసలు లేదని కాదు. 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. పైన సోలార్ పలకల కప్పు, 16 మెగావాట్ల విద్యుత్తు. దేశంలో గొప్పగా చెప్పుకోదగ్గ పని, ఆ నీడలో తొక్కినప్పుడల్లా నాకు గర్వమే. కానీ ఆ ట్రాక్ నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు ఉంది. దాని మీద ఆదివారం పొద్దున వ్యాయామం చేయొచ్చు, సోమవారం పొద్దున ఉద్యోగానికి పోలేం. ఆ డబ్బులో కొంతైనా రాయదుర్గం మెట్రో స్టేషన్ నుంచి మైండ్‌స్పేస్ దాకా, హైటెక్ సిటీ స్టేషన్ నుంచి కొత్తగూడ దాకా రెండు మీటర్ల వెడల్పు దారికి పెట్టి ఉంటే నాలాంటి వాళ్లు వందలు కాదు, వేలల్లో వచ్చేవారు.

ప్రోత్సాహకాలదీ ఇదే తీరు. రాష్ట్ర ఎలక్ట్రిక్ వాహనాల విధానం 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేసింది. లక్షలు పెట్టి ఎలక్ట్రిక్ కారు కొన్నవారికి లక్షల్లో మిగిలింది. నా బండికి పన్నే లేదు కాబట్టి మాఫీ కూడా సున్నా. రోడ్డు మీద అందరికంటే తక్కువ చోటు, తక్కువ కరెంటు వాడేవాడికి దక్కిందేమీ లేదు.

ఇక అపార్ట్‌మెంట్లు. మా దగ్గరా ఛార్జింగు వద్దని నోటీసు అంటించారు. ఆ భయం అర్థం చేసుకోగలను. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ బండ్ల షోరూమ్‌లో మంటలు లేచి పైనున్న లాడ్జిలో ఎనిమిది మంది చనిపోయారు. ఆ పొగను మనమెవరమూ మరిచిపోలేం. అయితే నోటీసు అంటించినంత మాత్రాన ప్రమాదం తప్పిపోదు. జనం పడగ్గదిలో, తలుపు వేసి, రాత్రంతా ఛార్జింగు పెడతారు. సెల్లారుకు దూరంగా, గాలి ఆడే చోట, ఎంసీబీ ఉన్న నాలుగు ప్లగ్గులు పెట్టించడం అసోసియేషన్ చేయాల్సిన పని.

బండి మాట అలా ఉంచండి. టీ కొట్టు దగ్గర బండి పెట్టి నిలబడ్డ ఆ పది నిమిషాల్లో నాకు కనిపించింది వేరే. బోరబండ, అల్లాపూర్ వైపు నుంచి నడుచుకుంటూ పనికి వచ్చే ఆడవాళ్లు. చేతిలో టిఫిన్ సంచి, మెడలో ఐడీ కార్డు, హౌస్‌కీపింగ్ యూనిఫాం. ఫుట్‌పాత్ ఉన్నచోట దాని మీద పార్క్ చేసిన కార్లు, తర్వాత ట్రాన్స్‌ఫార్మర్, తర్వాత తవ్వి వదిలేసిన గుంట. ప్రతి ఇరవై అడుగులకు ఒకసారి వాళ్లు రోడ్డు మీదికి దిగి, హారన్లు తిని, మళ్లీ ఎక్కుతున్నారు. ఫుట్‌పాత్ మీద అడ్డం లేకుండా కనీసం 1.8 మీటర్ల దారి ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రాసి పెట్టింది. మాదాపూర్‌లో అంత వెడల్పున వంద అడుగులు వరసగా నడవగలిగితే అది ఆ రోజు అదృష్టం. 2019 నవంబరు 23న బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీద నుంచి కారు ఎగిరి కిందపడినప్పుడు చనిపోయింది కారులో ఉన్నవాడు కాదు. కింద నిలబడ్డ ఒక అమ్మ. వేగం ఒకరిది, చావు ఇంకొకరిది. నా గేటు గొడవకూ ఆమె చావుకూ పోలిక లేదు. మూలం మాత్రం ఒకటే. ఈ ఊళ్లో కారు దిగినవాడు మనిషిగా లెక్కకు రాడు.

పెద్ద కోరికలు కోరను. ఈ ప్రాంగణాలు నడిపే పెద్దలారా, మీ సెల్లారులో రెండు కార్ల చోటు ఖాళీ చేయించండి. అందులో ఇరవై సైకిళ్లు పడతాయి. గోడకు ఇనుప కడ్డీలు వేయండి. మీ కంప్యూటర్‌లో కారు, బైకు పక్కన 'సైకిలు' అని మూడో గడి పెట్టించండి. మునిసిపల్ అధికారులారా, సైబర్ టవర్స్ నుంచి కొత్తగూడ దాకా ఒక్కసారి ఉదయం తొమ్మిదింటికి నడిచి రండి, ఫైలు ఆ తర్వాత రాయండి. పాఠకులారా, మీ ఆఫీసు ఐదారు కిలోమీటర్ల లోపే ఉంటే ఒక్క వారం పెడలు తొక్కి చూడండి. గేటు దగ్గర ఆపితే వెనక్కి తిరిగి రాకండి, జాగా అడగండి. ఒక్కడు అడిగితే కంప్యూటర్ తీసుకోదు. వందమంది అడిగితే గడి పెట్టక తప్పదు.