ఇంటి దస్తావేజులో లేనివి

కన్నతల్లినీ ఉన్న ఊరినీ మరువరాదని మన పెద్దలు అంటారు. అయినా మనుషులు ఊళ్ళు విడుస్తూనే ఉన్నారు. కొందరు అన్నం కోసం, కొందరు ప్రాణభయంతో, కొందరు చదువు కోసం వెళ్తారు. ఈ కారణాల్లో ఏదీ లేకుండా, కేవలం ప్రశాంతంగా బతకడానికి దేశం మారినవారు కూడా ఉన్నారు. బ్రిటన్ నుండి ఫ్రాన్స్‌కు వెళ్ళి స్థిరపడినవారిలో అధిక భాగం అలాంటివారే. ఈ నెల వారి గురించి ముచ్చటించదలిచాము. మన ఇళ్ళ నుండి పరదేశం వెళ్ళేవారి విషయంలో పేదరికం చాటున కనబడకుండా ఉండిపోయే కొన్ని సంగతులు, డబ్బుకు లోటు లేని వీరి విషయంలో తేటగా కనిపిస్తాయి.

ఈ రాకపోకలు కొత్తవి కావు. ఫ్రాన్స్ దక్షిణ తీరాన ఉన్న నీస్ నగరంలో సముద్రపుటొడ్డున ఒక ప్రసిద్ధ మార్గం ఉన్నది. దాని పేరే 'ఇంగ్లీషువారి విహారమార్గం'. చలికాలం గడపడానికి అక్కడికి వచ్చే ఇంగ్లీషువారు 1820లలో చందాలు వేసుకొని, పనిలేని స్థానిక పేదలకు కూలి దొరికేలా దానిని వేయించారు. పిరనీస్ పర్వతాల చెంత ఉన్న పో పట్టణంలో 1856లోనే బ్రిటిష్‌వారు గోల్ఫ్ మైదానం ఏర్పరచుకున్నారు. ఆనాడు వచ్చినవారు ధనికులు. సామాన్య ఉద్యోగులు, ఉపాధ్యాయులు, చిన్న వ్యాపారులు రావడం మాత్రం 20వ శతాబ్దపు చివరి దశాబ్దాల మాట.

దానికి కారణాలు అనేకం. 1973లో బ్రిటన్ ఐరోపా ఆర్థిక సమాజంలో చేరినది. 1989లో పీటర్ మేల్ అనే ఇంగ్లీషు రచయిత ప్రోవాన్స్ పల్లెలో తాను గడిపిన ఏడాది గురించి రాసిన పుస్తకం ఇంటింటా చదవబడినది. 1994లో సముద్రం కింద సొరంగ మార్గం తెరుచుకున్నది. ఆ తరువాత చౌక విమానాలు బెర్జెరాక్, లిమోజ్ వంటి చిన్న పట్టణాలకు కూడా ఎగరసాగాయి. అటు ఫ్రాన్స్ పల్లెల్లో యువకులు పట్టణాలకు తరలిపోగా, రాతి ఇళ్ళు కప్పులు కూలి పాడుబడి ఉన్నాయి. ఇంగ్లండులో ఒక చిన్న ఇల్లు అమ్మిన సొమ్ముతో అక్కడ తోటతో సహా పెద్ద ఇల్లు కొనవచ్చు. అలా నేడు సుమారు లక్షన్నర మంది బ్రిటిష్‌వారు ఫ్రాన్స్‌లో నివసిస్తున్నారు. నైరుతిలోని దోర్దోన్య్ జిల్లాలో వీరు ఎంతగా స్థిరపడ్డారంటే, ఇంగ్లండు జిల్లాల పేర్లకు ఉండే 'షైర్' అనే తోకను దానికి తగిలించి హాస్యంగా పిలుస్తారు. అక్కడి ఏమె అనే చిన్న ఊరిలో క్రికెట్ క్లబ్బు కూడా ఉన్నది.

వీరిలో ఇద్దరు కలిస్తే మాటలు రెండు దేశాల మధ్య ఊగిసలాడుతుంటాయి. ఒక వైపు ఫ్రాన్స్ వైద్యం గురించి మెప్పు. వైద్యునికి చెల్లించిన ఫీజులో సాధారణంగా 70 శాతం ప్రభుత్వ ఆరోగ్య బీమా తిరిగి ఇస్తుంది. వారపు సంత, వేడి రొట్టె, నిదానంగా సాగే మధ్యాహ్న భోజనం గురించి సంతోషం. వెంటనే కార్యాలయాల్లో అడిగే కాగితాల గురించి విసుగు. మరో వైపు బ్రిటన్ సంగతులు: అక్కడి ధరలు, ఆసుపత్రిలో నిరీక్షణ, తాము చూడకుండానే పెరిగిపోతున్న మనుమలు, ఒంటరిగా ఉన్న ముసలి తల్లి.

స్వదేశంపై వారి ఫిర్యాదుల్లో ఒకటి వింతైనది. బ్రిటన్ ప్రభుత్వం వృద్ధులకు చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి కొంత సొమ్ము ఇస్తుంది. ఐరోపాలో నివసించే అర్హులైన వృద్ధులకు కూడా అది అందేది. 2015 చలికాలం నుండి ఫ్రాన్స్‌లోని వారికి ఆపివేశారు. ఆ దేశపు చలికాలపు సగటు ఉష్ణోగ్రత బ్రిటన్‌లో అన్నింటికంటే వెచ్చని ప్రాంతం కన్నా ఎక్కువన్నది కారణం. ఆ సగటులో ఫ్రాన్స్‌కు చెందిన రీయూనియన్, గ్వాదలూప్ వంటి ఉష్ణమండల దీవుల వేడిని కూడా కలిపారు. మంచు కురిసే పల్లెలో వణికే ముసలివానికి వేల మైళ్ళ దూరంలోని కొబ్బరి చెట్ల ఎండను లెక్కగట్టారు! ఊరు విడిచినవాని కష్టం స్వదేశపు లెక్కల్లో ఎలా మారిపోతుందో దీనిని బట్టి గ్రహించవచ్చు.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. వీరు తమను 'ఎక్స్‌పాట్' అని పిలుచుకుంటారు. అదే ఫ్రాన్స్‌కు అల్జీరియా నుండో మాలీ నుండో వచ్చినవానిని 'వలసదారు' అంటారు. చేసిన పని ఒక్కటే: ఇద్దరూ తమ దేశం విడిచి పరాయి దేశంలో బతుకుతున్నారు. పేరులోని ఈ తేడా మనిషి మనసును కూడా మారుస్తుంది. మన బిడ్డలు జిద్దాలోనో దమ్మామ్‌లోనో ఉంటే, ఇఖామా గడువు ఎప్పుడు ముగుస్తుందో ఇక్కడి తల్లికి కూడా తెలుసు. తాము కాగితం మీద ఆధారపడి ఉన్నామన్న సంగతి వారు ఒక్కరోజు కూడా మరువలేరు. బ్రిటిష్‌వారు మరిచారు. అది వారి తప్పు కూడా కాదు. 2003 తరువాత ఐరోపా సమాఖ్య పౌరులకు ఫ్రాన్స్‌లో నివాస కార్డు అవసరమే లేకుండా పోయినది. గడువు లేనిదానిని గుర్తుపెట్టుకునేదెవరు?

2016 జూన్ 23న బ్రిటన్ ప్రజలు ఐరోపా సమాఖ్యను వీడాలని సుమారు 52 శాతం ఓట్లతో తీర్పు చెప్పారు. ఆ తీర్పు అందరికన్నా ఎక్కువగా ఎవరి బతుకును తాకుతుందో వారిలో అనేకులకు ఓటే లేదు. 15 ఏళ్ళకు మించి విదేశంలో ఉన్నవారికి ఓటు ఉండరాదన్నది అప్పటి చట్టం. ఆ నిబంధనను తొలగించి మళ్ళీ ఓటు ఇచ్చినది 2024 జనవరిలో. అప్పటికి జరగవలసినది జరిగిపోయినది.

2020 జనవరి 31న బ్రిటన్ వైదొలగినది. ఆ ఏడాది చివరిలోగా ఫ్రాన్స్‌లో చట్టబద్ధంగా నివసిస్తున్నవారి హక్కులను ఒప్పందం కాపాడినది. కాని నివసిస్తున్నట్లు రుజువు చూపి, కొత్త కార్డుకు దరఖాస్తు చేసుకోవాలి. ఇరవై ఏళ్ళుగా ఉన్న ఇంట్లో తాము ఉన్నామని నిరూపించుకోవడానికి కరెంటు బిల్లులు, పన్ను రసీదులు వెతుక్కోవలసి వచ్చినది. కొందరు ఫ్రెంచి పౌరసత్వం కోరుకున్నారు. దానికి భాషలో ప్రావీణ్యం చూపాలి, ప్రిఫెక్చర్ కార్యాలయంలో ఇంటర్వ్యూకు హాజరు కావాలి. సెలవుల ఇల్లు మాత్రమే ఉన్నవారి స్థితి వేరు. వారు వీసా లేకుండా ప్రతి 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండరాదు. ఇల్లు తమది, తాళం చెవి తమ జేబులో ఉన్నది, అయినా తొంభై ఒకటో రోజున అందులో నిద్రించే హక్కు లేదు.

మమ్మల్ని ఎక్కువగా కదిలించిన సంగతి మరొకటి. ఐరోపా సమాఖ్య పౌరులు తాము నివసించే ఊరి పాలక మండలికి ఓటు వేయవచ్చు, పోటీ కూడా చేయవచ్చు. ఫ్రాన్స్ పల్లెల్లో వందలాది బ్రిటిష్‌వారు అలా ఎన్నికై, ఊరి రోడ్ల గురించీ బడి గురించీ చర్చల్లో పాలుపంచుకుంటూ ఉండేవారు. 2020 మార్చి ఎన్నికల నాటికి, ఫ్రెంచి పౌరసత్వం లేక మరో సమాఖ్య దేశపు పౌరసత్వం లేనివారు ఆ అర్హత కోల్పోయారు. ఫ్రెంచి వ్యక్తిని వివాహమాడి దశాబ్దాలుగా అక్కడే ఉన్న ఒక బ్రిటిష్ మహిళ పేరును ఓటర్ల జాబితా నుండి తొలగించారు. 15 ఏళ్ళ నిబంధన వల్ల ఆమెకు అప్పట్లో బ్రిటన్‌లో కూడా ఓటు లేదు. ఆమె న్యాయం కోరగా, ఆమె ఇక సమాఖ్య పౌరురాలు కాదని 2022 జూన్‌లో ఐరోపా న్యాయస్థానం తేల్చినది. పుట్టిన దేశం, మెట్టిన దేశం రెండూ ఉండి, ఎక్కడా ఓటు లేని దశ అది.

ఇంటికి సంబంధించి మరో ప్రశ్న ఉన్నది: యజమాని మరణానంతరం ఆ ఇల్లు ఎవరిది? ఇంగ్లండులో మనిషి తన ఆస్తిని వీలునామా ద్వారా చాలావరకు తనకు నచ్చినవారికి రాయవచ్చు. ఫ్రాన్స్‌లో అలా కాదు. ఒక్క బిడ్డ ఉంటే ఆస్తిలో సగం, ఇద్దరుంటే మూడింట రెండు వంతులు, ముగ్గురు లేక అంతకు మించి ఉంటే నాలుగింట మూడు వంతులు సంతానానికి చెందాలి. మిగిలిన దానిలోనే వీలునామా చెల్లుతుంది. వారసుల వాటాను మనిషి ఇష్టాయిష్టాలకు వదలకపోవడం, వసీయతును మూడో వంతుకు పరిమితం చేయడం ఫరాయిజ్ చదివినవారికి ఎరుకే. ఫ్రాన్స్ లెక్క వేరైనా, ఆలోచన ఆ దారిలోనిదే.

2015 ఆగస్టు నుండి ఐరోపా నియమం ఒకటి, తన పౌరసత్వపు దేశ చట్టాన్ని ఎంచుకునే వీలు కల్పించినది. చాలామంది బ్రిటిష్‌వారు ఇంగ్లండు చట్టాన్ని ఎంచుకొని నిశ్చింతగా ఉన్నారు. 2021 ఆగస్టులో ఫ్రాన్స్ కొత్త చట్టం చేసినది. విదేశీ చట్టాల పేరుతో సంతానాన్ని, ముఖ్యంగా ఆడపిల్లలను వారసత్వానికి దూరం చేయరాదన్నది ప్రభుత్వం చెప్పిన ఉద్దేశం. ఆ చట్టంపై చర్చ అంతా ముస్లిముల చుట్టూ తిరిగినది. తీరా చూస్తే, ఆ నిబంధనపై ఆందోళన బ్రిటిష్ వృద్ధుల్లో కూడా మొదలైనది. రెండో భార్యకు ఇల్లు మొత్తం రాసిన వ్యక్తి మరణిస్తే, మొదటి భార్య బిడ్డలు ఫ్రాన్స్‌లోని ఆస్తి నుండి తమ వాటా కోరే అవకాశం ఏర్పడినది. వృద్ధాప్యంలో ఆమె నీడ ఏమి కావాలి? తండ్రి ఆస్తిలో ఆ బిడ్డలకు ఏమీ దక్కకపోవడం న్యాయమా? బతికి ఉండగా కూర్చొని తేల్చుకోవలసిన ప్రశ్నలు ఇవి.

అన్నింటికంటే బరువైనది వృద్ధాప్యం. కారు నడిపినంతకాలం మారుమూల పల్లె స్వర్గమే. చూపు తగ్గినప్పుడు, భార్యాభర్తల్లో ఒకరు మిగిలినప్పుడు, ఆసుపత్రి మంచంపై నొప్పి ఎక్కడో ఫ్రెంచిలో చెప్పవలసి వచ్చినప్పుడు, అదే పల్లె దూరమవుతుంది. ఇంగ్లండుకు తిరిగి వెళ్దామంటే అక్కడ అమ్మిన ఇంటి ధర అందనంత పెరిగిపోయినది. అటు ఇంగ్లండులో ఉన్న ముసలి తల్లిదండ్రులు ఫోను పక్కన కూర్చొని ఉంటారు. అవసరంలో ఉన్న తల్లిదండ్రులను సంతానం పోషించాలని ఫ్రాన్స్ పౌర స్మృతి ఆదేశిస్తుంది. మన దేశంలో కూడా 2007లో అటువంటి చట్టం వచ్చినది. కాని సొమ్ము పంపించమని చట్టం చెప్పగలదే గాని, పక్కన కూర్చోమని చెప్పలేదు.

ఈ కష్టాల నుండి వీరిలో ఎవరు తేలికగా గట్టెక్కుతారో ఊహించడం కష్టం కాదు. పొరుగింటి రైతుతో ఆయన భాషలోనే మాట్లాడటం నేర్చుకున్నవారు, కార్యాలయపు కాగితాలను అవసరం రాకముందే సరిచేసుకున్నవారు, ఊరి పనుల్లో చేయి కలిపినవారు. ధనం ఇల్లు కొనిపెట్టగలదు. భాష, పొరుగువారి ఆదరణ, ఉండే హక్కు, చనిపోయాక నడిచే న్యాయం మాత్రం విక్రయ దస్తావేజుతో పాటు రావు. వాటిని విడివిడిగా, ఓపికగా సంపాదించుకోవాలి.

పాఠక సోదర సోదరీమణులారా! మీ బిడ్డ విదేశంలో స్థిరపడదలిస్తే జీతం ఎంత, ఇల్లు ఎంత అని మాత్రమే అడిగి ఊరుకోకండి. అక్కడ ఉండే హక్కు ఏ కాగితంపై, ఎప్పటివరకు ఉన్నదో అడగండి. అక్కడి భాష ఎంత వచ్చినదో, పక్కింటివారి పేరు తెలుసో లేదో అడగండి. ఆస్తి కొంటే ఏ దేశపు చట్టం వర్తిస్తుందో తెలిసినవారి వద్ద విచారించమని చెప్పండి. మీ అనారోగ్యంలో ఎవరు రాగలరో కూడా దాచుకోకుండా మాట్లాడుకోండి. ఈ మాటలు ప్రయాణానికి ముందే జరగడం మంచిది.