నాపరాయి లారీ పైన ఉంటే చాలు, రేడియేటర్‌లో వద్దు

నంద్యాల, ఆళ్లగడ్డ లారీ యజమానులకు, డ్రైవర్లకు, మెకానిక్‌లకు విజ్ఞప్తి

బేతంచర్ల, బనగానపల్లె నాపరాళ్లు, కొలిమిగుండ్ల సిమెంటు, నంద్యాల మిల్లుల బియ్యం అన్నీ కదిలేది లారీల మీదే. 40వ నంబరు జాతీయ రహదారి మీద కర్నూలు, కడపల మధ్య తిరిగే బండ్లకైనా, గాజులపల్లె దాటి నల్లమల ఘాట్ మీదుగా గిద్దలూరు పోయే బండ్లకైనా మే నెల వచ్చిందంటే గండమే. నీడలోనే 44, 45 డిగ్రీలు. ఫుల్ లోడుతో చిన్న గేర్‌లో ఘాట్ ఎక్కే బండికి ఎదురుగాలి పెద్దగా తగలదు, ఇంజిన్ మాత్రం కాలిపోతుంటుంది. ఆ వేడిని బయటికి మోయాల్సింది రేడియేటర్‌లోని ద్రవమే. టైరు అరుగుదలను వేలితో తడిమి చూసే యజమాని కూడా ఆ ద్రవం ఏ రంగులో ఉందో చూడడు.

సాధారణంగా బండి వేడెక్కితే దగ్గర్లోని బోరు నీళ్లు పోస్తారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఈ సీమలో చాలాచోట్ల నేల కింద ఉన్నది సున్నపురాయి. దాన్ని ఒరుసుకుని వచ్చే నీళ్లలో కాల్షియం కరిగి ఉంటుంది. నీళ్లు వేడెక్కగానే అది కాల్షియం కార్బొనేట్‌గా మారి గట్టిపడుతుంది. కాగు అడుగున కట్టే తెల్లటి పొర అదే. నాపరాయిలో ప్రధానంగా ఉండేదీ అదే. అంటే లారీ పైన మోసే సరుకే ఇంజిన్ లోపల కూడా పేరుకుంటోందన్నమాట! ఇనుముతో పోలిస్తే ఆ పొర వేడిని చాలా తక్కువగా వదులుతుంది. అందుకే రేడియేటర్ నిండుగా ఉన్నా సిలిండర్ హెడ్ మాడిపోతుంది.

రంగు ఏం చెబుతుంది?

కొత్త కూలెంట్‌కు ఉండే ఆకుపచ్చ, ఎరుపు, నీలం రంగులు కంపెనీలు కలిపేవే. రంగు ఒకటైనంత మాత్రాన రకం ఒకటి కాదు. రకం చూడకుండా ఒకదానిలో ఒకటి పోస్తే తుప్పును ఆపే రసాయనాలు దెబ్బతింటాయి, ఒక్కోసారి జిగురులా గడ్డకడతాయి. కాబట్టి చూడాల్సింది రంగును కాదు, రంగులో వచ్చిన మార్పును.

పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు. పొద్దున్నే, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మూత తీసి కాస్త ద్రవాన్ని గాజు సీసాలోకి తీయాలి. గంటసేపు కదపకుండా ఉంచాలి. వేడి మీద మూత తీస్తే మరుగుతున్న ద్రవం ముఖం మీదికి చిమ్ముతుంది. ఆ పని ఎవరూ చేయకూడదు.

సీసా అడుగున ఇటుక రంగు మడ్డి దిగితే అది తుప్పు. కూలెంట్‌లోని రక్షణ మందు అయిపోయి ఇనుమును తుప్పు తినేస్తోందని అర్థం. దీనికి ఫ్లషింగ్ సరైన వైద్యమే. పైన నూనె తేలినా, ద్రవం పాలు కలిపిన కాఫీలా కనిపించినా కథ వేరు. ఇంజిన్ నడిచేటప్పుడు ఆయిల్ ఒత్తిడి కూలెంట్ ఒత్తిడి కంటే ఎక్కువ, అందుకే ఆయిల్ కూలర్ చిల్లు పడితే ఆయిలే కూలెంట్‌లోకి వస్తుంది. హెడ్ గ్యాస్కెట్ పోయినా ఇదే జరగొచ్చు. స్టార్ట్ చేసిన కాసేపటికే రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తుంటే సిలిండర్‌లోని గ్యాస్ లీకవుతోందేమో చూడాలి. డిప్‌స్టిక్ మీద మీగడలాంటి నురగ కనిపిస్తే నీళ్లు ఆయిల్‌లోకి దిగాయేమోనని అనుమానించాలి. అది తేలేదాకా బండి కదపకూడదు.

ఇలాంటి బండికి ఫ్లష్ చేసి కొత్త కూలెంట్ పోస్తే ఆ డబ్బు మోరీలో పోసినట్టే. ముందు లీకు కట్టాలి, తర్వాతే కడగాలి. ఆయిల్ తగిలిన హోస్ పైపులు ఉబ్బుతాయి, వాటినీ మార్చాలి.

ఫ్లషింగ్ అంటే పైపు పెట్టి కడగడం కాదు

రేడియేటర్ కింది కాక్ విప్పితే సగం పనే అవుతుంది. ఇంజిన్ బ్లాక్‌కు ఉన్న డ్రెయిన్ ప్లగ్ కూడా విప్పాలి. పొరకూ తుప్పుకూ ఒక రకం క్లీనర్, ఆయిల్ జిడ్డుకు మరో రకం. డబ్బా మీద రాసినంత కలిపి, థర్మోస్టాట్ తెరుచుకుని పై హోస్ వేడెక్కేదాకా ఇంజిన్ నడపాలి. చల్లారాక దించి, తేటగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ కడగాలి. బాత్రూం కడిగే యాసిడ్ పోస్తే అల్యూమినియం రేడియేటర్‌కు చిల్లులు పడతాయి.

ఎంత దించినా బ్లాక్‌లో కొన్ని లీటర్ల నీళ్లు మిగులుతాయి. పైన రెడీమిక్స్ కూలెంట్ పోస్తే అది పలచబడుతుంది. అందుకే మొత్తం కెపాసిటీలో సగం మేరకు నీళ్లు కలపని కూలెంట్ ముందుగా పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపాలి. గాలి బయటికి పోయేలా నడిపి, చల్లారాక మట్టం మళ్లీ చూడాలి.

“ఇక్కడ మంచు పడదు కదా?”

మంచు పడని చోట కూలెంట్ ఎందుకని షెడ్లలో వినిపించే ప్రశ్నే ఇది. నీళ్లు 100 డిగ్రీలకు మరిగితే, కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ సగం కలిసిన ద్రవం 107 దాటాక గానీ మరగదు. ఒక బార్ ఒత్తిడి ఆపే మంచి మూత తోడైతే అది 125 డిగ్రీలు దాటుతుంది. వదులైన మూతతో ఆ లాభమంతా పోతుంది. తుప్పునూ, లైనర్లకు పడే సూది చిల్లులనూ ఆపే మందులు కూడా కూలెంట్‌లోనే ఉంటాయి, బోరు నీళ్లలో ఉండవు. లారీలకు ఏఎస్‌టీఎం డీ6210 ప్రమాణం ఉన్నదో, ఇంజిన్ కంపెనీ చెప్పిన రకమో అడిగి కొనాలి.

థర్మోస్టాట్ పీకేస్తే వేడి తగ్గుతుందన్నది మరో అలవాటు. చాలా ఇంజిన్లలో అప్పుడు బైపాస్ దారి తెరిచే ఉండిపోతుంది. కొంత కూలెంట్ రేడియేటర్‌కు వెళ్లకుండానే తిరిగొస్తుంది. ఘాట్‌లో బండి వేడెక్కడం ఆగదు, చలికాలం తెల్లవారుజామున మాత్రం ఇంజిన్ సరిగా వేడెక్కక డీజిల్ తాగుతుంది.

ఎవరు ఏం చేయాలి

యజమానులు కూలెంట్ ఖర్చును డ్రైవర్ బత్తాలోంచి కోయకూడదు. జేబులోంచి పెట్టాల్సి వస్తే ఏ డ్రైవరైనా బోరు దగ్గరే బండి ఆపుతాడు. ప్రతి క్యాబిన్‌లో రెండు లీటర్ల కూలెంట్, రెండు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ ఉంచాలి.

మెకానిక్‌లు సీసా పరీక్ష చేయకుండా ఫ్లషింగ్‌కు ఒప్పుకోకూడదు. పోసిన రకం, తేదీ, కిలోమీటర్ల రీడింగ్ రాసిన చీటీని రిజర్వ్ ట్యాంక్‌కు కట్టాలి.

లారీ సంఘాలు నంద్యాలలో ఒకటి, ఆళ్లగడ్డలో ఒకటి ఉమ్మడి ఫ్లషింగ్ షెడ్ పెట్టాలి. ఒక చిన్న డీమినరలైజ్డ్ వాటర్ ప్లాంటు, కూలెంట్ చిక్కదనం చూసే రిఫ్రాక్టోమీటర్, పాత ద్రవం పట్టే మూత డ్రమ్ములు ఉంటే పని మొదలవుతుంది. సభ్యుల చందాతో అయ్యే పనే ఇది.

మున్సిపాలిటీలు ఆ డ్రమ్ములను తీసుకెళ్లే ఏర్పాటు చేయాలి. గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. కాలువ పక్కన పారబోస్తే కుక్కలు, పశువులు నాకుతాయి, మూత్రపిండాలు పాడై చస్తాయి. ఆ కాలువలు చివరికి కలిసేది కుందూ నదిలో.

రవాణా బండికి 8 ఏళ్లు నిండాక ఏటా ఫిట్‌నెస్ ఎలాగూ చేయించాలి. సీసా పరీక్షను ఆ పనితో జత చేస్తే పాత బండ్లేవీ తప్పిపోవు. ఫిట్‌నెస్ ఎప్పుడు పడినా, ఫిబ్రవరిలో ప్రతి బండికీ మరోసారి పరీక్ష, అవసరమైతే మార్చిలో ఫ్లషింగ్ జరగాలి. రెండు ఊళ్ల లారీ సంఘాలు తమ వచ్చే సమావేశంలోనే ఈ తేదీలను, షెడ్ చందాను తీర్మానంగా రాసుకోవాలి.